చెప్పని చిరుగు

సర్జరీలో సీటు రాలేదని ట్రూడీ బెర్గ్‌మన్‌కి తెలిసింది మార్చి మూడో సోమవారం పొద్దున్న, లాండ్రీ గదిలో. డాక్టరు చదువు ముగించే వాళ్ళందరికీ అమెరికా అంతటా ఆ రోజు ఒకే గంటకి ఈమెయిల్ వస్తుంది. సీటు వచ్చిందా లేదా, అంతే. ఎక్కడ వచ్చిందన్నది శుక్రవారం దాకా చెప్పరు. ట్రూడీకి వచ్చిన ఈమెయిల్ 'విచారిస్తున్నాం' అని మొదలైంది. మిగతాది చదవక్కర్లేకపోయింది. తడిబట్టలు డ్రయ్యర్లో పడేసి, మీట నొక్కడం మర్చిపోయి, దాని ముందే అరగంట కూర్చుంది.

సీటు రానివాళ్ళు ఆ నాలుగు రోజుల్లో ఎక్కడేం మిగిలిందో వెతుక్కుని, ఫోన్లు చేసి, బతిమాలి, గురువారానికి ఏదో ఒకటి పట్టుకోవాలి. ట్రూడీకి దొరికింది మిల్వాకీలో ఓ పెద్దాసుపత్రిలో సర్జరీ ఉద్యోగమే, కానీ ఒక్క ఏడాదికి. అసలు సీటు వాళ్ళు అయిదేళ్ళుండి సర్జన్లై బయటికొస్తారు. ఈ ఒక్క ఏడాది వాళ్ళు అదే పని చేస్తారు, అవే డ్యూటీలు పడతారు, పన్నెండో నెల ఆఖర్న మాత్రం బ్యాడ్జి తిరిగిచ్చేసి ఇంటికి పోవాలి. వీళ్ళని ప్రిలిమ్‌లంటారు. ఆ మాట అనేటప్పుడు నర్సుల గొంతు కూడా కాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తదనం కంటే నాలుగు తిట్లు నయమనిపించేది ట్రూడీకి.

శుక్రవారం మధ్యాహ్నం క్లాసంతా హాల్లో చేరి, పన్నెండు కొట్టగానే కవర్లు చింపి, ఒక్కొక్కళ్ళే మైకు దగ్గరికెళ్ళి చదవడం వాళ్ళ కాలేజీ ఆచారం. ట్రూడీ వాళ్ళమ్మ డార్లీన్ స్కూలు బస్సు నడుపుతుంది. ఆ రోజు బస్సు ఇంకొకరికి అప్పజెప్పి, నాలుగ్గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. ట్రూడీ మైకు పట్టుకుని "సర్జరీ, మిల్వాకీ" అంది. ఒక్క ఏడాదికే అని కూడా కాగితం మీద ఉంది. అది చదవలేదు. డార్లీన్ కుర్చీ ఎక్కి ఈల వేసింది. సోమవారానికల్లా బస్సులో పిల్లలందరిచేతా చప్పట్లు కొట్టించింది.

ఏడాది తిరిగేలోగా అసలు సీటు ఎలాగూ సంపాదిస్తాను, అప్పుడిది నిజమే అయిపోతుంది కదా, అనుకుంది ట్రూడీ. అబద్ధమాడే వాళ్ళందరూ అనుకునేది ఇదే. ట్రూడీ కొత్తగా కనిపెట్టిందేం లేదు.

మిల్వాకీలో తనలాంటివాడే ఇంకొకడు తగిలాడు. పేరు ఆస్కర్ పెన్యా, టాంపా వాడు. రెండుసార్లు సీటు రాలేదు. దాన్ని దాచుకునే అలవాటు అతనికి బొత్తిగా లేదు. పేషెంట్లు అడిగినా చెప్పేసేవాడు. "నేను రెండుసార్లు వెనక్కొచ్చిన సరుకునండీ. కాకపోతే కుట్లు మాత్రం బాగానే వేస్తాను" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. పక్కన నిలబడ్డ ట్రూడీకి ఒళ్ళు కుంచించుకుపోయేది. వీడు తన సంగతి చెప్పుకుంటుంటే నాకెందుకింత సిగ్గు అని విసుక్కునేది కానీ, ఎందుకో తనకి తెలుసు.

"ఏంటమ్మా, ఇవాళెవరి కాళ్ళు పట్టుకున్నావ్?" అని పొద్దున్నే కాఫీ దగ్గర అడిగేవాడు ఆస్కర్.

"ఎవరివి దొరికితే వాళ్ళవి."

"హాల్వర్సన్‌వి మాత్రం ఒకటి నాకొదిలెయ్ తల్లీ. రెండూ నువ్వే పట్టుకుంటే ఆయన నడవలేడు."

హాల్వర్సన్ అంటే సర్జరీ శిక్షణకి పెద్ద. సీటు ఇచ్చేదీ మానేదీ ఆయనే. పొడుగాటి మనిషి. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గుతుంది, అందుకని అందరూ ఆయన చెప్పింది వినడానికి ముందుకి వంగి మరీ తిట్లు తింటారు.

శరత్కాలంలో ట్రూడీ మళ్ళీ దరఖాస్తులు పెట్టింది. అరవై ఒక్క ఆసుపత్రులకి పెడితే రెండు చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఒకచోట ఇంటర్వ్యూ చేసినాయన "పోయినేడు ఏమైందంటావ్?" అని అయిదు నిమిషాల తేడాలో రెండుసార్లు అడిగాడు. మొదటిసారి చెప్పిన జవాబు విననేలేదన్నమాట. అక్కడి నుంచి బస్సులో తిరిగొస్తూ దారి పొడుగునా కిటికీ వైపే మొహం పెట్టుకుని కూర్చుంది.

జనవరి ఆఖర్న మిల్వాకీలోనే ఒక తలుపు తెరుచుకుంది. రెండో ఏడాదిలోకి వెళ్ళాల్సిన కుర్రాడొకడు, ఈ కత్తులూ నెత్తుర్లూ నా వల్ల కాదు, ఎక్సరేలు చూసుకు బతుకుతానని వెళ్ళిపోయాడు. అతని సీటు జులై నుంచి ఖాళీ. అసలు సీటు. దానికి ఎదురుచూసే వాళ్ళిద్దరు, ట్రూడీ, ఆస్కర్. మార్చి మొదటివారంలో నిర్ణయం చెప్తానన్నాడు హాల్వర్సన్. ఆ రోజు నుంచి ట్రూడీ లిఫ్టులో ఆయన కనిపిస్తే ఊపిరి కూడా పద్ధతిగా పీల్చుకునేది.

ఫిబ్రవరి పదో తారీకున ఇర్మా వోయ్‌చిక్ అనే ఆవిడకి హెర్నియా ఆపరేషన్. అరవై నాలుగేళ్ళ మనిషి, స్కూల్లో వంట చేస్తుంది. ఈస్టరుకి ముందొచ్చే లెంట్ ఉపవాసాల రోజుల్లో చర్చిలో శుక్రవారం చేపల వేపుడు తన చేతి మీదే నడవాలని, తొందరగా నిలబెట్టమని ముందురోజు అందరికీ మరీ మరీ చెప్పింది. పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపల మెష్ అని సన్నటి వల పెట్టి కుట్టాలి. బల్లకి ఒక పక్క హాల్వర్సన్, ఆస్కర్, ఎదురుగా ట్రూడీ, పక్కన పనిముట్లు అందించే నర్సు ప్యాట్.

సగం దారిలో ట్రూడీ ఎడమచేతి చూపుడువేలు కొన మీద చీమ కుట్టినట్టయింది. తన చేతిలో సూదే. గ్లవ్‌లు రెండు పొరలు. రెండిట్లోంచీ దిగింది. లోపల తడి తగిలింది.

గ్లవ్ చిరిగితే నోరు విప్పి చెప్పాలి. మొదటి ఏడాది వాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠమే అది. ఎవరూ ఏమీ అనరు. నర్సు కొత్త జత అందిస్తుంది, రెండు నిమిషాల పని. హాల్వర్సన్ అంతటివాడే నెలకి రెండుసార్లు "నాది చిరిగింది" అని చేతులు చాపుతాడు. ట్రూడీ కూడా నోరు తెరిచింది.

"బెర్గ్‌మన్, మెష్ నువ్వు పెట్టు" అన్నాడు హాల్వర్సన్, అదే క్షణంలో.

మొదటి ఏడాది వాళ్ళకి అది దొరికే పని కాదు. ప్రిలిమ్‌కి అసలే కాదు. ఇప్పుడు గ్లవ్ సంగతి ఎత్తితే రెండు నిమిషాలు పక్కకి వెళ్ళాలి. ఆయనకి ఆగడమంటే పడదు. "పెన్యా, నువ్వు కానీ" అంటాడు. సీటు బల్లకి అవతలి పక్కకి వెళ్ళిపోతుంది. ఇవన్నీ ఆలోచించడానికి ట్రూడీకి ఒక్క గుక్క పట్టింది. తర్వాత ఆ వేలు లోపలికి మడిచి, "సరే సార్" అంది. మెష్ అందుకుంది. పని చక్కగా చేసింది కూడా, మడిచిన వేలు రెండుసార్లు చాపక తప్పలేదు, అంతే.

"చెయ్యి బావుంది" అన్నాడు హాల్వర్సన్. పైన చర్మం ఆస్కర్ కుట్టాడు. అయ్యాక ట్రూడీ తన గ్లవ్‌లు తానే ఊడదీసి, లోపలి భాగం బయటికి రాకుండా చుట్టి చెత్తబుట్టలో అడుక్కి నెట్టింది. ప్యాట్ చూసింది కానీ ఏమీ అనలేదు. ఆవిడకి ఏం కనిపించిందో ట్రూడీకి ఇప్పటికీ తెలీదు.

తొమ్మిదో రోజున ఇర్మా జ్వరంతో తిరిగొచ్చింది. గాయం ఎర్రగా ఉబ్బి చీము పట్టింది. మళ్ళీ కోసి, మెష్ తీసేసి, గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచి, దానికి చీము పీల్చే మిషన్ తగిలించారు. ఆ చిరుగే కారణమని ఎవరూ రుజువు చెయ్యలేరు. నూటికి ఇంతమందికి ఎలాగూ చీము పడుతుందని పుస్తకాల్లో లెక్క ఉంది. ఆ లెక్కని ట్రూడీ రోజుకి పదిసార్లు తలుచుకునేది. మనసు మాత్రం ఒప్పేది కాదు.

బుధవారం పొద్దున్న ఏడింటికి సర్జన్లందరూ కూర్చుని ఆ నెలలో జరిగిన చావులూ చిక్కులూ చెప్పుకునే సభ ఉంటుంది. వార్డులో పేషెంటుని చూసుకున్న డాక్టరే లేచి చెప్పాలి. పక్కవాళ్ళ మీదికి నెట్టకూడదు, ప్రతి మాటా 'నేను' అనే మొదలుపెట్టాలి. అదక్కడి మర్యాద. మార్చి మొదటి బుధవారం ఇర్మా సంగతి ఆస్కర్ వంతుకొచ్చింది. ట్రూడీ మూడో వరసలో బేగెల్ అనే గుండ్రటి రొట్టె మీద చీజు రాసుకుని కూర్చుంది.

"నేను చర్మం కుట్టాను," అన్నాడు ఆస్కర్. "గాయం కడగడం నేను ఇంకా బాగా చెయ్యాల్సింది. అంచులు నేను మరీ బిగించి ఉంటాను. మూడో రోజు కొంచెం ఎరుపు కనిపిస్తే మామూలే అనుకుని నేను పంపించేశాను."

ముందు వరసలో ముసలి సర్జన్ ఒకాయన, "ఏ దారంతో కుట్టావు?" అని గద్దించాడు. ఆస్కర్ చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అసలు ఏ దారం చెప్పినా అలాగే ఊపుతాడాయన.

అప్పుడు హాల్వర్సన్ లేచి హాలంతా కలయజూశాడు. "ఆ రోజు గదిలో ఎక్కడైనా, ఏదైనా, శుభ్రత దగ్గర తేడా వచ్చిందా? ఎవరైనా గమనించారా?"

ట్రూడీ చెయ్యెత్తాలి. మోచెయ్యి కుర్చీ చేతి మీద నుంచి లేచింది కూడా. ఎనభై మంది మొహాలు ఇటు తిరుగుతాయి, ఆ తర్వాత ఎవడూ నాకు సూది కూడా అందివ్వడు అనుకుంది. మోచెయ్యి మళ్ళీ దిగింది. నోట్లో బేగెల్ ముక్క ఉంది. దాన్ని నములుతూ ఉండిపోయింది.

"సరే, ఇక తర్వాతి కేసు" అన్నాడు హాల్వర్సన్.

ఆస్కర్ వచ్చి పక్కన కూర్చుని, "బతికే ఉన్నానా?" అని గుసగుసలాడాడు. ట్రూడీ తలూపింది. హమ్మయ్య అనిపించింది తనకి. ఆ హమ్మయ్యని తలుచుకుంటే తర్వాత చాలారోజులు అన్నం సహించలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న హాల్వర్సన్ పిలిచాడు. కూర్చోమని కూడా అనకుండా, "జులై నుంచి సీటు నీది, బెర్గ్‌మన్. సాయంత్రం కాగితాలు వస్తాయి, సంతకం పెట్టు" అన్నాడు.

"ఆస్కర్..." అంది ట్రూడీ.

"ఇద్దరూ ఇద్దరే. కమిటీలో ఒకరు ఆ మెష్ కేసులో పెన్యా కుట్ల సంగతి ఎత్తారు. ఎటో ఒకవైపు మొగ్గాలిగా." ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. "ఇంకేమైనా చెప్పాలా?"

అడిగాడు పాపం. చెప్పేస్తే వినడానికి గదిలో ఇంకెవరూ లేరు కూడా. "థాంక్యూ సార్" అంది ట్రూడీ.

కారిడార్లోకి వచ్చి అలవాటు కొద్దీ అమ్మకి ఫోన్ చేసింది. డార్లీన్ రెండో మోతకే ఎత్తింది.

"ఏంటే, ఈ టైములో? కొత్త విశేషాలా?"

ట్రూడీ ఏమని చెప్తుంది? సీటొచ్చిందంటే, ఎప్పుడో వచ్చిందన్నావు కదే, అంటుంది తల్లి. బతుకులో ఇంత పెద్ద శుభవార్త చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉంటే, ఆ మనిషి దగ్గర తన నోరు ఏడాది కిందటే తానే కట్టేసుకుంది.

"ఏం లేదమ్మా. ఊరికే."

"ఊరికే చెయ్యవే నువ్వు. తిన్నావా?"

"తిన్నాను. పనుంది, మళ్ళీ చేస్తాను."

డాక్టర్ల గదిలో ఆస్కర్ ఒక్కడే ఉన్నాడు. కబురు అప్పుడే తెలిసినట్టుంది. లేచొచ్చి వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఇంకేం, అమ్మగారు అసలు మనుషుల్లో కలిసిపోయారు! మమ్మల్ని గుర్తుంచుకోండి." కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వు మాత్రం నిజంగానే నవ్వాడు. తర్వాత జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి బల్లమీద తెరిచాడు. అందులో ఇర్మా ఆపరేషన్ రోజు తాను చేసినవన్నీ వరసగా రాసుకున్నాడు. ఎన్నిసార్లు కడిగిందీ, ఎక్కడ మొదటి కుట్టు వేసిందీ, అన్నీ.

"ఒక్క పని చేసిపెట్టు తల్లీ," అన్నాడు. "ఎదురుగా నిలబడింది నువ్వే. నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పు. మొహమాటపడకు. రెండు వారాలుగా తవ్వుకుంటున్నాను, నాకు దొరకట్లేదు. ఇంకోచోటికి పోయి మళ్ళీ ఇదే చేస్తే ఇంకో మనిషి పొట్ట పాడవుతుంది."

పెన్ను కూడా తీసి పట్టుకున్నాడు, చెప్తే రాసుకుందామని.

ట్రూడీ ఆ పుస్తకం వైపు చూడలేకపోయింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీ తప్పేం లేదు, ఆస్కర్."

"అబ్బా, మంచితనం వద్దన్నానా?"

"మంచితనం కాదు. నా గ్లవ్ చిరిగింది."

"ఎప్పుడు?"

"మెష్ పెట్టే ముందు. రెండు పొరలూ. నెత్తురొచ్చింది. చెప్పలేదు."

ఆస్కర్ పెన్ను కింద పెట్టాడు. అరిస్తే బావుండునని ఎదురుచూసింది ట్రూడీ.

"బుధవారం నాడు ఎక్కడ కూర్చున్నావు నువ్వు?" అన్నాడు చివరికి.

"మూడో వరసలో."

"నేను అక్కడ నిలబడి, నేను, నేను అని ఏడుస్తుంటే, నువ్వు బేగెల్ తింటున్నావు."

"అవును."

"మొత్తం తిన్నావా?"

"తిన్నాను."

అతను కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. "హాల్వర్సన్‌కి నేను చెప్పను. చెప్తే సీటు కోసం చెప్పినట్టుంటుంది. ఆ సిగ్గు నాకెందుకు? నీదే కదా, నీ దగ్గరే ఉంచుకో." పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఆవిడకి చెప్పావా?"

"ఎవరికి?"

అనేసి నాలుక్కరుచుకుంది ట్రూడీ. ఆస్కర్ ఆమె మొహంలోకి ఒక్కక్షణం చూసి వెళ్ళిపోయాడు.

ఎవరికి! రోజూ పొద్దున్నే ఆవిడ మంచం దగ్గరికెళ్ళి, కట్టు విప్పి, గాయం లోతు కొలిచి, నొప్పి ఎంతుందండీ అని అడిగి వస్తోంది. ఈ ఇరవై నాలుగు రోజుల్లో సీటు పోతుందేమోనని ఏడ్చింది, హాల్వర్సన్‌కి తెలుస్తుందేమోనని వణికింది, అమ్మకి ఏం చెప్పాలా అని కుమిలింది. ఆస్కర్ గురించి కూడా బాధపడింది. కడుపు తెరుచుకుని పడుకున్న మనిషికి ఈ సంగతి తెలియాలన్న ఊహ మాత్రం ఒక్కనాడూ రాలేదు. అంతవరకూ తనకి సిగ్గంటే ఏమిటో తెలుసనుకుంది.

కారిడార్లోంచి హాల్వర్సన్ సెక్రటరీకి ఫోన్ చేసింది. ఆయన ఆపరేషన్లో ఉన్నాడు, మధ్యాహ్నం దాటాకే దొరుకుతాడంది ఆవిడ.

"ఆ కాగితాలు నాకు పంపొద్దని చెప్పండి. ఇర్మా వోయ్‌చిక్ ఆపరేషన్ గురించి ఆయనతో మాట్లాడాలి. బుధవారమే చెప్పాల్సిన మాట."

"ఏ కాగితాలమ్మా? సీటువా? వద్దంటావేంటి, పిచ్చిదానా?"

"అవేనండీ" అని పెట్టేసింది. పద్ధతి ప్రకారం ఆయనకి చెప్పాకే పేషెంటు దగ్గరికి వెళ్ళాలి. మధ్యాహ్నం దాకా ఆగితే తన సంగతి తనకి తెలుసు. మెట్లెక్కి నాలుగో అంతస్తుకి వెళ్ళింది.

ఇర్మా దిండుకి ఆనుకుని టీవీలో వంటల పోటీ చూస్తోంది. మంచం పక్కన మిషన్ చిన్నగా గురక పెడుతోంది. ట్రూడీని చూడగానే కుర్చీ మీదున్న స్వెటర్ తీసేసింది.

"రా తల్లీ, కూర్చో. ఇందాకేగా వచ్చి వెళ్ళావ్? మళ్ళీ కొలుస్తావా ఏం?"

"లేదండీ. మీతో ఒక మాట చెప్పాలి."

"నేను కూడా నీతో ఒక మాట చెప్పాలనే అనుకుంటున్నా" అంది ఇర్మా. గొంతు తగ్గించి తలుపు వైపు చూసింది. "మా ఆయన ఉంటే చెప్పడం కుదరట్లేదు. మీరు వారం దాకా స్నానం వద్దన్నారా? నేను నాలుగో రోజే చేసేశాను. చిరాకేసి. ఆయన వద్దంటూనే ఉన్నాడు, నేనే వినలేదు. ఇదంతా దాని వల్లే అయ్యుంటుంది. డాక్టర్లందరికీ మళ్ళీ ఇంత చాకిరీ పెట్టాను. రోజూ నీ మొహం చూస్తే నాకు సిగ్గేస్తోంది తల్లీ. క్షమించు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మంచం మీద నుంచి చెయ్యి చాపి ట్రూడీ చెయ్యి పట్టుకుంది, ఎడమచెయ్యే.

ట్రూడీ కుర్చీలో కూర్చుంది. ఆ చేతిని వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు.

"మీరేం చెయ్యలేదండీ," అంది. "చేసింది నేను."

ఇర్మా రిమోట్ వెతికి టీవీ ఆపింది.